గడ్డి తినేది ‘మేము’ అన్నాడా, ‘మనం’ అన్నాడా?

98లో ఏదో పేపర్లో చదివిన వాక్యం రెండు రోజులుగా బుర్రలో తిరుగుతోంది. 1965లో పాకిస్తాన్ నాయకుడు భుట్టో అన్నమాట: ఇండియా బాంబు చేస్తే గడ్డి తినైనా మేమూ చేస్తాం అని. అచ్చయింది ‘తినైనా’ అనా, ‘మేసైనా’ అనా? గుర్తున్నవాళ్లు చెప్పండి.

తెనాలి మాస్టారు: ‘తిని’ అయితే అర్థం పక్కకు పోయినట్టే. మనకి గడ్డి తినడమంటే చేయరాని పని చేయడం. ఆయన చెప్పింది పస్తుల సంగతి. ‘ఆకులో అలములో తిని’ అంటే సరిపోయేది.

వరంగల్ వాసి: మాస్టారూ, ‘బాగా మేశాడు’ అని కూడా తిట్టేదే కదా! నాకైతే భర్తృహరి సుభాషితాల్ని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి సింహం గుర్తొస్తోంది, ఆకలితో చస్తున్నా ఎండుగడ్డి ముట్టనిది. ‘కేసరి జీర్ణతృణంబు మేయునే’. అక్కడ ‘తినునే’ అని పెట్టి చూడండి, పద్యం చప్పబడిపోతుంది.

తెనాలి మాస్టారు: సంస్కృత మూలంలో భర్తృహరి ‘అత్తి’ అన్నాడు, అంటే తినడమే. ‘మేయు’ లక్ష్మణకవి సొంత సొమ్ము. ‘గ్రాసము లేక’ అని ఎత్తుకున్నప్పుడే ఆ మేతకి దారి వేసుకున్నాడని నా నమ్మకం.

వరంగల్ వాసి: గ్రాసమంటే ముద్ద అని కూడా ఉంది మాస్టారూ. అయినా ఇక్కడ సింహాలెవరో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందమే రాసిపెట్టింది. 1967 జనవరి 1 లోపు అణుబాంబు పేల్చిన ఐదు దేశాలే అణ్వస్త్ర దేశాలు. మిగతావాళ్లు గడ్డి మేయాలి. మనమూ పాకిస్తానూ సంతకం పెట్టనిది అందుకే.

డాలస్ నుంచి: మీరు క్రియ పట్టుకున్నారు, నేను కర్త దగ్గర ఆగిపోయాను. విదేశీ పత్రికతో అన్నాడు కాబట్టి ‘మేము’ సరే. 1972 జనవరిలో పాకిస్తాన్‌లోని ముల్తాన్‌లో తమ శాస్త్రవేత్తల్ని కూర్చోబెట్టి బాంబు కావాలన్నప్పుడు అది ‘మనం’ అయింది. ఇంగ్లీషులో ఈ తేడా కనబడదు, ఉర్దూ ‘హమ్’లోనూ కనబడదు. 1998 మే 28న పాకిస్తాన్ చాగైలో అణుబాంబులు పేల్చిన రోజే జనాల డాలర్ ఖాతాల్ని అక్కడి ప్రభుత్వం స్తంభింపజేసింది. నాతో పనిచేసే కరాచీ అతని నాన్న గల్ఫ్‌లో పదేళ్లు దాచిన సొమ్ము అందులోనే ఉంది. డాలర్లు లేవు, రూపాయల్లో తీసుకోమన్నారట. పాస్‌బుక్ ఇంకా దాచుకున్నారు. ఆ ‘మనం’లో గడ్డి తిన్నది ఆయన.

తెనాలి మాస్టారు: ముల్తాన్‌కి నెల ముందే, 71 యుద్ధంలో, పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మనకి లొంగిపోయింది బాబూ. పాత తెలుగులో గడ్డి కరవడమంటే అదే. కరిచాక తినడం. ఆ వాక్యం అనువదించినాయనకి ఈ నుడికారం తెలిసే ఉంటుంది.

వరంగల్ వాసి: 1965 మాటకి 71 అర్థం ఎలా అంటగడతారు మాస్టారూ?

మొదట అడిగిన నేను: కత్తిరింపు అమ్మ ట్రంకుపెట్టెలో ఉండాలి. ఆదివారం ఊరెళ్తున్నా, వెతుకుతా.

తెనాలి మాస్టారు: వెతకండి. ఈలోగా ‘గ్రాసము’కి శబ్దరత్నాకరం నిఘంటువు తీస్తాను.