ఒక్క సప్లీ మిగిలింది, ఉద్యోగం దొరికింది: ఇక డిగ్రీ అక్కర్లేదా?

బీటీఎం లేఅవుట్ అక్క:
మా తమ్ముడి బీటెక్‌లో మ్యాథ్స్ సప్లీ ఒకటి ఉండిపోయింది. ఈలోగా మారతహళ్ళిలో ఒక చిన్న కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. ఇక పరీక్ష రాయనంటున్నాడు. పని వస్తే పట్టా ఎవరడుగుతారట. మీరేమంటారు?

రిక్రూటర్, బెంగళూరు:
తప్పకుండా రాయించండి. మొదటి ఉద్యోగం ఎలాగో దొరికింది, చిక్కంతా రెండోదానికి మారేటప్పుడే. ఇంటర్వ్యూలన్నీ దాటతాడు, మేనేజర్ సరేనంటాడు. అప్పుడు చెప్పిన చదువు, అనుభవం నిజమేనా అని చూసే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఫారం వస్తుంది: సెమిస్టర్ల మార్కుల మెమోలు, సీఎంఎం (అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపిన మెమో), ప్రొవిజనల్ (డిగ్రీ పూర్తయిందని ఇచ్చే తాత్కాలిక సర్టిఫికెట్). ఆ ప్రొవిజనల్ లేకపోతే చాలాచోట్ల ఫైలు అక్కడే ఆగిపోతుంది, మేనేజర్ చెప్పినా హెచ్‌ఆర్ వినదు. నోటికాడి కూడు అలా పోయిన పిల్లలకు ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే, చాలా బాధగా ఉంటుంది. పైగా జేఎన్‌టీయూల్లో బీటెక్ ముగించడానికి మామూలుగా చేరినప్పటి నుంచి 8 ఏళ్లే గడువు.

చెన్నై తెలుగువాడు:
అంటే డిగ్రీ లేనివాళ్లు బతకడం లేదా? ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ జోహో తన సొంత స్కూల్లో ప్లస్ టూ, డిప్లొమా పిల్లలకు స్టైపెండ్ ఇచ్చి మరీ పని నేర్పి ఉద్యోగాల్లోకి తీసుకుంటోంది. ఐటీ కంపెనీ హెచ్‌సీఎల్ నేర్పి ఉద్యోగమిచ్చే టెక్‌బీ కూడా ఇంటర్ తర్వాతే. పట్టా లేదని రెజ్యూమే తెరవకుండానే పక్కన పడేయడం అన్యాయం. ఎక్కువగా నష్టపోయేది ఇంటికి జీతం పంపాల్సిన పిల్లలే.

రిక్రూటర్, బెంగళూరు:
అన్యాయమే, కాదనను. కానీ ఆ రెండుచోట్లా డిగ్రీ లేనివాళ్ల కోసమే దారి వేసి పెట్టారు. టెక్‌బీలో అయితే ఉద్యోగం చేస్తూనే డిగ్రీ చదివే ఏర్పాటు కూడా ఉంది. ఈ అబ్బాయికి అలాంటి దారేదీ లేదు. నాలుగేళ్ల ఫీజూ కట్టేసి ఒక్క పేపరు దగ్గర ఆగాడు. రేపు అమెరికా ఆలోచన వస్తే? అక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్-1బీ వీసాకి డిగ్రీ గానీ దానికి సమానమైన అర్హత గానీ కావాలి. అనుభవంతో పూడ్చాలంటే తగ్గిన ఒక్కో ఏడాది చదువుకు 3 ఏళ్ల పని చూపించాలి. ఉద్యోగం మానమని ఎవరూ అనడం లేదు కదా, పరీక్ష ఒక్క పూటే.

బీటీఎం లేఅవుట్ అక్క:
నోటిఫికేషన్ రాగానే ఫీజు నేనే కడతాను. కొత్త ఉద్యోగం, లీవు ఇవ్వరేమోనని వాడి టెన్షన్.

రిక్రూటర్, బెంగళూరు:
చేరేముందే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టమనండి, సప్లీ ఉంది, ఫలానా నెలలో పరీక్ష అని. చాలామంది ఒక రోజు లీవు ఇస్తారు. డిగ్రీ పూర్తయిందని మాత్రం ఏ ఫారంలోనూ రాయొద్దండీ. తర్వాత బయటపడితే ఉన్న ఉద్యోగమూ పోతుంది.