ర్యాంకుకి రేడియాలజీ వస్తుంటే సర్జరీ తీసుకోవడం పిచ్చేనా?

గోదావరి_హౌస్‌సర్జన్:
ఎంబీబీఎస్ చివర చేసే హౌస్ సర్జన్సీ అయిపోవస్తోంది. పీజీ ఎంట్రెన్స్ నీట్ పీజీలో వచ్చిన ర్యాంకుకి స్టేట్ కోటాలో రేడియాలజీ (స్కాన్‌లు, ఎక్స్‌రేలు చూసి రిపోర్టిచ్చే బ్రాంచ్) వచ్చేలా ఉందని సీనియర్లు పోయినేడాది కటాఫ్‌లు చూసి చెప్పారు. నాకేమో మొదటి నుంచీ సర్జరీ మీదే మనసు. ఆ మాట ఎత్తగానే అమ్మ "ఆడపిల్లకి కత్తులెందుకే" అంది, మావయ్యేమో ర్యాంకు బూడిదలో పోసినట్టే అన్నాడు. కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టమంటారు?

చీకటిగది:
అడగడానికేముందమ్మా, రేడియాలజీ. సర్జరీ పీజీ, అంటే ఎంఎస్, 3 ఏళ్లు చేసి ఊరికే జనరల్ సర్జన్ అంటే కార్పొరేట్‌లో ఎవడూ పట్టించుకోడు. యూరాలజీయో గ్యాస్ట్రోయో కావాలంటే మళ్లీ సూపర్ స్పెషాలిటీ ఎంట్రెన్స్ నీట్ ఎస్ఎస్ రాసి, ఆ పై డిగ్రీ ఎంసీహెచ్ ఇంకో 3 ఏళ్లు. ఇక్కడ రేడియాలజీలో పీజీ, అంటే ఎండీ, అవగానే ఉద్యోగం. నైట్ డ్యూటీలు లేవు.

పాతకత్తి:
నైట్ డ్యూటీలు లేవా? గవర్నమెంట్ ఆసుపత్రిలో రాత్రి రెండింటికి యాక్సిడెంట్ కేసుకి సీటీ తీయిస్తే రిపోర్టు ఎవరిస్తారు, వాచ్‌మనా?

చీకటిగది:
సార్, అది పీజీ చేసే మూడేళ్లే. నేనంటున్నది ఆ తర్వాత సంగతి.

పాతకత్తి:
"లేవు" అని రాశారు. పైన అలాగే ఉంది, చదువుకోండి.

వరంగల్_పిల్లోడు:
ఏఐ వచ్చాక రేడియాలజీ ఉండదు కదా అన్నా?

చీకటిగది:
2016లో ఏఐకి ఆద్యుల్లో ఒకడైన జెఫ్రీ హింటన్ అంతటివాడు అదే అన్నాడు తమ్ముడూ, రేడియాలజిస్టులకు ట్రైనింగ్ ఇవ్వడం ఆపేయండి, అయిదేళ్లలో ఏఐయే వాళ్లకన్నా బాగా చేస్తుందని. ఆ అయిదేళ్లూ ఎప్పుడో అయిపోయాయి, కౌన్సెలింగ్‌లో ముందు అయిపోయే సీట్లు ఇప్పటికీ మావే.

స్కాన్‌సెంటర్:
టెన్షన్ లేని బ్రాంచ్ అని మాత్రం అనుకోకమ్మా. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకుండా ఆపే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద గర్భిణికి చేసే ప్రతి స్కాన్‌కీ ఫారం ఎఫ్ అనే రికార్డు నింపాలి, అందులో తేడా వస్తే చిన్న పొరపాటని వదలరు, నేరమే. 2019లో సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. మా మిషన్‌కి సీలు పడినప్పుడు లాయర్ చుట్టూ తిరిగింది నేనే.

గైనిక్_అక్క:
వీళ్లు నైట్ డ్యూటీ దగ్గరే ఆగిపోయారు గానీ నువ్వు కనుక్కోవాల్సింది వేరే ఉంది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఎంతో ఇష్టపడి సర్జరీలో చేరితే ఫైనల్ ఇయర్ దాకా కోసిన చోటు తెరిచి ఉంచే రిట్రాక్టర్ పట్టుకుని నిలబడ్డమే, హెర్నియా కూడా సొంతంగా చేయనివ్వలేదు, మగ పీజీలకు మాత్రం ఇచ్చేవారు. బ్రాంచ్ ఒక్కటే చూడకు. ఆ కాలేజీలో పీజీల చేతికి కేసులిస్తారా, ఏ యూనిట్‌లో ఇస్తారు, ఇప్పుడున్న పీజీలనే అడుగు.

డెర్మాఫ్యాన్:
డెర్మా, అదే చర్మవ్యాధుల బ్రాంచ్, ఊసు ఎవరూ ఎత్తరేం?

పాతకత్తి:
గైనిక్ అక్క చెప్పింది నిజమే, అలాంటి యూనిట్ చీఫ్‌లు ఉన్నారు. కానీ అర్ధరాత్రి పేగుకి రంధ్రం పడి వచ్చినవాడి పొట్ట తెరవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. మంచి ర్యాంకులొచ్చిన వాళ్లంతా పేషెంట్ మొహం చూడనక్కర్లేని గదులు వెతుక్కుంటే ఎలా? దీన్ని పారిపోవడం అనే అంటారు.

చీకటిగది:
పారిపోయానా? అయితే వినండి. నేను ముందు చేరింది సర్జరీలోనే. ఫస్ట్ ఇయర్‌లో టేబుల్ మీద పేషెంట్ పోతే వాళ్ల బంధువులు నన్ను వార్డులోనే కొట్టారు, కళ్లద్దాలు పగిలి కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. ఆసుపత్రుల మీద దాడులకు 2008లోనే చట్టం వచ్చింది, మూడేళ్ల దాకా జైలు, 50 వేల దాకా జరిమానా. ఏం లాభం? కేసు పెడితే కాలేజీ పరువు పోతుందన్నారు మా డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్ఓడీ). సీటు వదిలేశాను, పెనాల్టీకి నాన్న అర ఎకరం అమ్మాడు. మళ్లీ రాసి ఈ బ్రాంచ్‌కి వచ్చాను. మీరెవరు సార్ నన్ను అనడానికి?

పాతకత్తి:
నిన్ను కొట్టడం తప్పు, ఆ హెచ్ఓడీ చేసింది అంతకన్నా తప్పు. కానీ నువ్వు వదిలిన సీటులోకి మధ్యలో ఎవరూ రారు. నీ డ్యూటీలు నీ కో-పీజీల నెత్తినే పడి ఉంటాయి. వాళ్లకి తగలవా దెబ్బలు? మాకూ తగిలాయి.

చీకటిగది:
మీకు తగిలాయి కాబట్టి మేమూ తింటూ ఉండాలా! ఇష్టం, సేవ అని పిల్లల్ని పంపిస్తారు, దెబ్బలు తగిలిన రోజు ఒక్కరూ పక్కన నిలబడరు. ఆ రోజు ఒక్క సీనియర్ నాతో స్టేషన్‌కి వచ్చి ఉంటే నేనింకా ఆపరేషన్ థియేటర్‌లోనే ఉండేవాణ్ణి.

గోదావరి_హౌస్‌సర్జన్:
సార్, ఇద్దరూ కాస్త ఆగండి. రెండు కాలేజీల సర్జరీ ముందు పెట్టి ఆ తర్వాత రేడియాలజీ పెడదామనుకుంటున్నా. అక్కా, ఆ కాలేజీల్లో పీజీలెవరైనా తెలిస్తే మెసేజ్ పెట్టండి.

గైనిక్_అక్క:
పెడతా. చీఫ్‌ల పేర్లు మాత్రం ఇక్కడ రాయకు.

చీకటిగది:
నీ ఇష్టం తల్లీ. చేరేముందు ఈ ఏడాది నోటిఫికేషన్‌లో సీటు వదిలితే ఎంత కట్టాలో చదువు.

పాతకత్తి:
చేరకముందే వదిలేయడం నేర్పిస్తున్నావు.

చీకటిగది:
నాకు నేర్పినవాళ్లు లేరు సార్.