టేబుల్ మీదే కాల్చుకునే కొరియన్ బార్బెక్యూ: అమ్మానాన్నలను తీసుకెళ్ళొచ్చా?

డల్లాస్_గోంగూర
అందరికీ నమస్తే. అమ్మానాన్న గుంటూరు నుంచి వచ్చి నెలైంది. వచ్చే శనివారం నాన్న పుట్టినరోజు. ఇండియన్ బఫేలకు తిప్పీ తిప్పీ వాళ్ళకూ నాకూ మొహం మొత్తింది. క్యారల్టన్‌లో ఓల్డ్ డెంటన్ రోడ్ వైపు కొరియన్ బార్బెక్యూకి వెళ్దాం అంటున్నారు మా ఆయన. నాన్న చికెన్, చేపలు, రొయ్యలు తింటారు. బీఫ్ ముట్టరు, పోర్క్ అలవాటు లేదు. అమ్మ కూరగాయలతో సరిపెట్టుకుంటుంది. నాలుగేళ్ళ పాప ఉంది, నిప్పు పక్కన కూర్చోబెట్టొచ్చా? ఆరుగురికి ఎంత చెప్పాలి? ఇంకోటి, వంట మనమే చేసుకుంటే టిప్ ఎంత ఇవ్వాలి?

రెండో_అల్లుడు
ఒక్కటే మాట చెప్తా. మీ ఆయన్ని పటకారు పట్టుకోవద్దనండి. పట్టుకున్నారో, ఇక జీవితాంతం వదలరు. పోయినేడాది అత్తగారి వైపు ఎనిమిదిమందిని తీసుకెళ్ళా. కాల్చడం నేను, కత్తిరించడం నేను, అందరికీ వడ్డించడం నేను. "అల్లుడుగారు భలే కాలుస్తున్నారే" అని మా మామగారు మెచ్చుకుంటే ఉబ్బిపోయి ఇంకో రెండు ప్లేట్లు చెప్పా. గంటన్నరకి మీ టైం అయిపోయిందని బిల్లు తెచ్చి పెట్టారు. నేను తిన్నది రెండు ముక్కలు, నాలుగు లెట్యూస్ ఆకులు. ఇంటికొచ్చి పెరుగన్నం తిన్నా. ఇప్పుడు ఎవరింట్లో పార్టీ అయినా గ్రిల్ దగ్గర నన్నే నిలబెడుతున్నారు. పెద్దల్లుడు మాత్రం హాయిగా కుర్చీలో.

సువాన్_సూరి
అమెరికాలో మీరు తినేది సగం కొరియన్, సగం బఫే. ఆరేళ్ళుగా కొరియాలో, సువాన్‌లో ఉంటున్నా కాబట్టి చెప్తున్నా. ఇక్కడ ఎక్కువ హోటళ్ళలో తూకం లెక్కన చెప్పాలి, ఒక వంతు అంటే 150 నుంచి 200 గ్రాములు. మొదట కనీసం ఇద్దరి వంతులు చెప్పాల్సిందే. ఒంటరిగా వెళ్తే చాలాచోట్ల కూర్చోనివ్వరు. వచ్చిన కొత్తలో బ్రహ్మచారిగా ఎన్నిసార్లు గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చానో. సియోల్లో 200 గ్రాముల సామ్‌గ్యోప్‌సల్, అంటే పంది పొట్ట మాంసం, సగటు ధర 2024లో 20,000 వోన్‌లు దాటింది, కాబట్టి రోజూ తినే తిండేమీ కాదు.

అల్లుడుగారి బాధ ఇక్కడ ఉండదు. చాలాచోట్ల వడ్డించే ఆవిడే వచ్చి కాల్చి, కత్తెరతో ముక్కలు చేసి పెడుతుంది. ఆవిడని "ఇమో" అని పిలుస్తారు. ఇమో అంటే అమ్మ చెల్లెలు గానీ అక్క గానీ. మన పిన్ని, పెద్దమ్మ అన్నమాట. మొదటిసారి విన్నప్పుడు ఎందుకో ఇల్లు గుర్తొచ్చింది. టిప్ ఇవ్వబోతే వద్దని వెనక్కిచ్చింది.

ఒకటే పటకారు, ఒకటే కత్తెర, అందరూ మామూలుగా తినేస్తారు. అనవసరంగా టెన్షన్ పడకండి.

ల్యాబ్_లక్ష్మి
సూరి గారూ, ఆ ఆఖరి మాట తప్పు. నేను పన్నెండేళ్ళుగా ఆహార పదార్థాల సూక్ష్మజీవుల ల్యాబ్‌లోనే పనిచేస్తున్నాను. పచ్చి చికెన్ పట్టుకున్న పటకారుతోనే ఉడికిన ముక్క తీసి పాప కంచంలో వేస్తే, ఆ ముక్క కాల్చినా కాల్చకపోయినా ఒకటే. సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ అనే రోగక్రిములు రెండూ అలాగే అంటుకుంటాయి. రెండో పటకారు అడగండి. అడిగితే ఎవరూ కాదనరు. చికెన్ లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కాలి.

సువాన్_సూరి
ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నాకు కడుపునొప్పి రాలేదు అక్కా. పటకారు కొసలు నిప్పు మీదే ఉంటాయి కదా, అక్కడ ఏ పురుగు బతుకుతుంది?

ల్యాబ్_లక్ష్మి
కొసలు నిప్పు మీద ఉండవు, మీ ప్లేటు అంచు మీద ఉంటాయి. పక్కనే లెట్యూస్ బుట్ట. హెల్మెట్ లేకుండా ఆరేళ్ళు బండి నడిపాను, ఏమీ కాలేదు అన్నట్టుంది మీ లెక్క.

నిప్పుల_కొలిమి
ఇద్దరూ ఆగండి. పదకొండేళ్ళు హోటల్ వంటగదిలో ఉన్నవాణ్ణి, నన్ను చెప్పనివ్వండి. పటకారు తర్వాత, అసలు తప్పు మనవాళ్ళు ఆర్డర్లోనే చేస్తారు. కూర్చోగానే మసాలా పట్టించిన ముక్కలు వేస్తారు. బుల్గోగిలో, అంటే సన్నగా కోసి ఊరబెట్టిన మాంసంలో, సోయా సాస్‌తో పాటు చక్కెర, తురిమిన పియర్ పండు ఉంటాయి. చక్కెర మాడి జాలీకి అంటుకుంటుంది, ఆ తర్వాత ఏం కాల్చినా మాడు వాసనే. ముందు ఏమీ పట్టించనివి, తర్వాత ఊరబెట్టినవి. మధ్యలో జాలీ మార్చమని అడగాలి. అన్నట్టు ఆ పియర్ రుచికే కాదు, మాంసం మెత్తబడటానికి కూడా. మనం మటన్‌కి పచ్చి బొప్పాయి పట్టించడం లేదూ? అదే పని. ఇంట్లో చేసుకునేవాళ్ళు కివీ వేస్తే అరగంటకి మించి ఉంచొద్దు, ముక్క పేస్టయిపోతుంది.

పోర్క్ మాత్రం నల్లగా కరకరలాడేదాకా కాల్చాలి. లోపల కాస్త గులాబీ రంగు కనిపించినా బద్దెపురుగులే.

ల్యాబ్_లక్ష్మి
బొప్పాయి సంగతి నిజమే. రంగు సంగతి కాదు. పోర్క్ ముక్క 63 డిగ్రీలకు చేరి మూడు నిమిషాలు ఆగితే చాలని అమెరికా వ్యవసాయ శాఖ 2011లోనే చెప్పింది. ఖీమా అయితే 71. రంగు చూసి చెప్పకూడదు. అయినా సామ్‌గ్యోప్‌సల్ సన్నటి పొట్ట ముక్క, మామూలుగా కాల్చినా లోపలిదాకా ఉడుకుతుంది. నల్లగా మాడ్చడం దేనికి?

నిప్పుల_కొలిమి
థర్మామీటర్ పెట్టుకుని ఎవరూ హోటల్‌కి వెళ్ళరు మేడం. వంట చేతికి తెలుస్తుంది.

ల్యాబ్_లక్ష్మి
చేతికి తెలిసేది వేడి, సాల్మొనెల్లా కాదు.

పప్పుచారు_పద్మ
మీ పటకారు యుద్ధం తర్వాత చేసుకోండి గానీ, అమ్మగారి సంగతి ఎవరైనా పట్టించుకున్నారా? నేను పుట్టు శాకాహారిని. ఆఫీసు వాళ్ళతో ఆర్నెల్లు వెళ్ళాను. నా తిండి అన్నం, కిమ్చీ, ఆ సోయా ముద్ద పులుసు. మన ఊరగాయ లాంటిదే కదా అని గిన్నెలు గిన్నెలు లాగించా. ఆర్నెల్లకి ఒక కొరియన్ అమ్మాయి మెల్లగా చెప్పింది: మామూలు కిమ్చీలో చేపల సాసో, ఉప్పు రొయ్యలో వేస్తారట. ఆ పులుసు కూడా ఎండు నెత్తళ్ళు మరిగించిన నీళ్ళతోనే. ఇంటికొచ్చి రెండుసార్లు తలంటు పోసుకున్నా. మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

అమ్మగారికి కూరగాయలు కాల్చుకోవాలన్నా జాలీ విడిగా అడగండి. పుట్టగొడుగులు, గుమ్మడి, చిలగడదుంప, వెల్లుల్లి రెబ్బలు దొరుకుతాయి. నువ్వుల నూనె, ఉప్పు అద్దుకుని తింటే నిజంగా బాగుంటాయి.

ఎడిసన్_ఏడుకొండలు
నాన్నగారికి కూడా ఒక మాట. బీఫ్ చెప్పకపోతే సరిపోదు. ఆఖర్న ఐసు ముక్కలు వేసి ఇచ్చే చల్లటి నూడుల్స్, నేంగ్‌మ్యోన్, ఆ నీళ్ళు చాలాచోట్ల బీఫ్ ఎముకల రసమే. మా బాబాయి పుల్లగా మజ్జిగ చారులా ఉందని గిన్నె ఎత్తి తాగేశారు. నాకు తెలిసి నోరు మూసుకున్నా. ఇప్పుడు ఆయనా ఈ చర్చ చదువుతుంటే, బాబాయ్, క్షమించు.

కడప_కారం
తెలిసీ చెప్పకపోవడం ఏంటండీ? ఇది నవ్వుకునే విషయమా? పెద్దాయన నియమం పెద్దాయనది.

ఎడిసన్_ఏడుకొండలు
అప్పటికే సగం తాగేశారు. చెప్తే ఆ రాత్రంతా ఆయన నిద్రపోరు. మీరైతే ఏం చేసేవారు?

కడప_కారం
మొదట వెయిటర్ని అడిగేవాణ్ణి. నోరు దేనికుంది?

రెండో_అల్లుడు
కడప గారూ, గ్రిల్ ముందు నిలబడి ఎనిమిదిమందికి కాలుస్తూ ఒకసారి వెయిటర్ని అడిగి చూడండి. నోట్లోకి ముక్కే వెళ్ళదు, మాట ఎక్కడ వస్తుంది.

పెనుకొండ_పిల్లోడు
మీరంతా డల్లాసు, సువాన్ అంటున్నారు. మా దగ్గరికి కొరియానే నడిచొచ్చింది. 2019లో కియా కార్లు బయటికి రావడం మొదలైనాక కొరియా వాళ్ళు వచ్చి ఉండటం, వాళ్ళకోసం హోటళ్ళు పెట్టడం అన్నీ అయినాయి. మా మామ ఒక దాంట్లో కూరగాయలు దించేవాడు. "చికెన్‌ని కత్తెరతో కోస్తున్నార్రా, గుడ్డలు కత్తిరించినట్టు" అని ఊరంతా చెప్పినాడు. ఇప్పుడు మా అత్త కోడిని కత్తెరతోనే కోస్తాది. కత్తిపీట అటక మీదుంది.

సువాన్_సూరి
సెభాష్! నేనూ ఇండియా వచ్చినప్పుడు రెండు కత్తెరలు కొనుక్కొచ్చా. గోంగూర కూడా దాంతోనే కత్తిరిస్తా.

డల్లాస్_గోంగూర
గోంగూరను కత్తెరతోనా?! నా పేరు పెట్టుకుని నేను చదవాల్సిన మాటేనా ఇది. సరే, పాప గురించి, టిప్ గురించి ఎవరైనా...

కూకట్‌పల్లి_కవిత
పాప గురించి నేను చెప్తా, చేతులు కాల్చుకున్నదాన్ని కాబట్టి. నిజంగానే. ఇక్కడ హైదరాబాద్‌లో శూలాలు గుచ్చి టేబుల్ మధ్య నిప్పుల మీద పెట్టే హోటల్‌కి వెళ్ళాం, మా బాబుకి ఐదేళ్ళు. నిప్పుల వైపు వాడు చెయ్యి పెట్టలేదు. అది ఎర్రగా ఉంటుంది, భయమేస్తుంది. చుట్టూ ఉండే ఇనుప అంచు మామూలుగానే కనిపిస్తుంది, దాని మీద మోచెయ్యి ఆనించాడు. బొబ్బ లేచింది. వెయిటర్ పరిగెత్తుకొచ్చి ఐసు పెట్టబోతే, పక్క టేబుల్ పెద్దావిడ ఆపి పంపు కింద ఇరవై నిమిషాలు పట్టించింది. ఆవిడ నర్సట. ఐసు పెట్టకూడదంది. పాపని టేబుల్ చివర, గోడ వైపు కూర్చోబెట్టండి, పొడుగు చేతుల ఫ్రాక్ వద్దు. మీరూ చున్నీ వేసుకోకండి, నాది జార్జెట్, అంచు ముడుచుకుపోయింది.

తిండి సంగతికొస్తే అక్కడి టేబుల్ మీద చిన్న జెండా ఉంటుంది. దించేదాకా తెస్తూనే ఉంటారు. మా అత్తయ్య ఆ జెండా అలంకారం అనుకుంది. బిర్యానీ దాకా ఎవరం చేరలేదు.

నిప్పుల_కొలిమి
హైదరాబాద్‌లో ఉండి శూలాల బఫేకి వెళ్తారా? వేడి రాతి మీద కాల్చే పత్థర్ కా గోష్త్ పెట్టుకుని ఎవరో నేర్పిన బార్బెక్యూ దేనికి?

కూకట్‌పల్లి_కవిత
కొలిమి గారూ, నా బాబు చెయ్యి కాలింది అంటే మీరు మెనూ చెప్తున్నారు.

నిప్పుల_కొలిమి
సారీ అమ్మా. పూర్తిగా చదవలేదు.

సువాన్_సూరి
గోంగూర అక్కా, నాన్నగారు చికెన్ మనిషి కదా, మీ దగ్గర డక్‌గాల్బి దొరుకుతుందేమో చూడండి. మా ఆవిడ తరఫు పెద్దవాళ్ళు వచ్చినప్పుడు చున్‌చాన్ తీసుకెళ్ళా, దానికి పేరున్న ఊరు, దానికోసం ఒక వీధే ఉంది. జాలీ కాదు, పెద్ద ఇనుప పెనం. చికెన్, క్యాబేజీ, చిలగడదుంప, బియ్యప్పిండి ముద్దలు, గోచుజాంగ్ కారం, అన్నీ కలిపి వాళ్ళే వేయిస్తారు. పొగ తక్కువ. ఆఖర్న అడుగున మిగిలిన మసాలాలో అన్నం వేసి పెనానికి అంటేదాకా వేయిస్తారు. మా మామగారు ఆ మాడు చెక్కును గరిటెతో గీరి "చిన్నప్పుడు మా అమ్మ ఇలాగే కూర బాండీలో అన్నం కలిపి ముద్దలు పెట్టేది" అని చాలాసేపు మాట్లాడలేదు. అంతకుముందు రెండు రోజులు సియోల్ అంతా తిప్పితే ఏమీ నచ్చలేదాయనకి.

ల్యాబ్_లక్ష్మి
ఇది మంచి సలహా. పటకారు గొడవే లేదు.

సువాన్_సూరి
మీతో ఒప్పించుకోవడానికి చున్‌చాన్ దాకా వెళ్ళాల్సొచ్చింది అక్కా.

ఎడిసన్_ఏడుకొండలు
టిప్ 15 నుంచి 20 శాతం, మామూలు హోటల్‌లాగే. మనం కాల్చుకున్నా జాలీలు మార్చేది, గిన్నెలు నింపేది వాళ్ళే. చుట్టూ వచ్చే చిన్న గిన్నెలు మళ్ళీ అడిగితే ఊరికే నింపుతారు. ఒకే ధరకి ఎంతైనా తినొచ్చు అనే చోట ప్లేటులో మాంసం మిగిలితే బిల్లులో అదనంగా వేస్తారు, బోర్డు చూసుకోండి. ఆరుగురికి మొదట నాలుగు ప్లేట్లు చాలు, తర్వాత చూసుకోవచ్చు. పట్టు చీరలు వద్దు. మా ఆవిడ కంచి పట్టు చీర నెల రోజులు బాల్కనీలోనే ఉంది.

డల్లాస్_గోంగూర
వెళ్ళొచ్చాం. పెద్ద పొరపాటు ఒకటి జరిగింది, మీలో ఒక్కరూ అడగలేదు: శనివారం నాన్న కూడా నీచు తినరు! బయల్దేరాక కారులో గుర్తొచ్చింది ఆయనకి. "ఊళ్ళో వెంకన్న, ఇక్కడ వెంకన్న ఒకడే" అన్నారు. ఇద్దరికీ విడి జాలీ, పుట్టగొడుగులు, గుమ్మడి. కిమ్చీ గిన్నె పద్మ గారి దయవల్ల నేనే దూరంగా జరిపేశా. లెట్యూస్ ఆకులో అన్నం, కాల్చిన వెల్లుల్లి పెట్టి చుట్టుకుని "తమలపాకు చుట్టినట్టుంది" అంటూ నాన్న తొమ్మిది చుట్టలు తిన్నారు. పటకార్లు రెండు అడిగా లక్ష్మి గారూ. కాల్చింది మాత్రం మా ఆయనే, మొదటి నుంచి చివరిదాకా.

రెండో_అల్లుడు
చెప్పానా లేదా? ఆయన నంబర్ ఇవ్వండి, ఓదార్చాలి.

పెనుకొండ_పిల్లోడు
అన్నా, అక్కా, ఒక డౌటు. ఇంట్లో గ్యాస్ డబ్బా పొయ్యి మీద పెద్ద పెనం పెడితే పర్లేదా? మా అత్త కొనమంటోంది.

ల్యాబ్_లక్ష్మి
డబ్బా మీదకి వచ్చేంత వెడల్పు పెనం పెట్టొద్దు. ఆ వేడికి డబ్బా పేలుతుంది. కిటికీలు తెరిచి పెట్టండి.

నిప్పుల_కొలిమి
ఇది మాత్రం మేడం చెప్పినట్టే చెయ్ తమ్ముడూ.