వంద వరకు అప్పజెప్పే పాపకు ఎనిమిది గింజలు లెక్కపెట్టడం రావడం లేదు

ప్రశ్న:
మా అమ్మాయికి నాలుగున్నర ఏళ్లు, ఎల్‌కేజీ చదువుతోంది. ఒకటి నుంచి వంద వరకు తడుముకోకుండా అప్పజెబుతుంది గానీ, కంచంలో ఎనిమిది చిక్కుడు గింజలు పెట్టి లెక్కపెట్టమంటే వేలు ఒక గింజ మీద ఉండగానే నోరు రెండు అంకెలు ముందుకు పోతుంది. ఎప్పుడైనా సరిగ్గా లెక్కపెట్టినా, "అయితే మొత్తం ఎన్ని?" అని అడిగితే జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతుంది. బడిలో మాత్రం రోజూ పేజీ నిండా అంకెలు రాయిస్తున్నారు. అబాకస్ తరగతిలో చేర్పించాలా, లేక ఇంట్లోనే చేయదగినది ఏదైనా ఉందా? మేమిద్దరం ఉద్యోగస్తులం కనుక సాయంత్రం కొద్దిసేపే వీలవుతుంది.

సమాధానం (ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు):
ఈ వయసు పిల్లల్లో ఇది మామూలుగా కనిపించేదే కనుక మీరు కంగారు పడవలసిన పని లేదండీ. అంకెల వరుసను వల్లించడం వేరు, వస్తువులను లెక్కించడం వేరు. పిల్లల లెక్కింపు వెనుక ఉండే సూత్రాలను గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో వివరించారు. ఒక్కో వస్తువుకు ఒక్కో అంకె మాత్రమే చెప్పడం, చివర పలికిన అంకే మొత్తం సంఖ్య అని గ్రహించడం వాటిలో ముఖ్యమైనవి, మీ పాప ఈ రెండింటి దగ్గరే తడబడుతోంది.

మొదటిదాని కోసం గింజను వేలితో చూపించడం మాన్పించి, ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి వేయించండి. గింజ టప్పుమని పడినప్పుడే అంకె పలకాలన్న నియమం పెడితే నోటి వేగం తానే తగ్గుతుంది. రెండోదాని కోసం "ఎన్ని ఉన్నాయి?" అని అడగడం తగ్గించి, "నాకు మూడు ఇవ్వమ్మా" అని అడగండి. గుప్పెడు తీసి ఇస్తే కసురుకోకుండా కలిసి లెక్కపెట్టి, "ఒకటి, రెండు, మూడు, మూడు గింజలు" అని చివరి అంకెను మళ్లీ పలకండి. మూడు నిలకడగా ఇవ్వగలిగాకే నాలుగు అడగాలి. ఒక్కో మెట్టుకు కొన్ని నెలలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇది కుదరకముందు అబాకస్ వల్ల ఒరిగేదేమీ లేదని నా అభిప్రాయం.

సమాధానం (ఒక తాతయ్య):
దీనికి ఆటను కూడా జోడించవచ్చు. వైకుంఠపాళి పటం ఈ వయసుకు మరీ పెద్దది. ఒక అట్ట మీద పది గడులు ఎడమ నుంచి కుడికి గీసి, 1 నుంచి 10 వరకు అంకెలు వేసి, రెండు గవ్వలతో ఆడించండి. ఒకటి వెల్లకిలా పడితే ఒక గడి, రెండూ పడితే రెండు గడులు, రెండూ బోర్లా పడితే వంతు పోయినట్లే. కాయ 4 మీద ఉండగా రెండు పడితే "ఒకటి, రెండు" అంటూ కాకుండా, గడుల్లో రాసి ఉన్న "ఐదు, ఆరు" అంటూ జరిపించడమే ఇందులోని కిటుకు. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఇటువంటి అంకెల గడులతో ఆడిన చిన్నపిల్లలకు ఏ అంకె పెద్దదో పోల్చడం మెరుగుపడింది. రంగుల గడులతో ఆడిన పిల్లల్లో ఆ మార్పు కనిపించలేదు. మా మనవరాలు ఓడిపోయినప్పుడల్లా అట్టను తిరగేసేది, అది వేరే సంగతి.

సమాధానం (మరొక తండ్రి):
అంతా బాగానే ఉంది గానీ, బడిలో ఇచ్చిన హోంవర్కు రాయకపోతే మాట పడేది పాపే కదా! ముందు క్లాస్ టీచరుతో మాట్లాడండి. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు పట్టుబడాలని 2021లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం, ఒకటో తరగతికి ముందరి బాలవాటికలో పిల్లలు 10 వరకు అంకెలను గుర్తించి చదవగలిగితే చాలు. ఎల్‌కేజీలోనే వంద వరకు రాయించడం తొందరపాటని మర్యాదగా చెప్పడానికి ఈ ఒక్క విషయం సరిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఒక చిన్న సందేహం: పాప వేళ్ల మీద లెక్కపెడితే మా అమ్మగారు వద్దంటున్నారు. మాన్పించాలా?

ఉపాధ్యాయురాలు:
అవసరం లేదండీ. ఐదు వేళ్లను లెక్కపెట్టకుండానే ఐదని చూపించగలగడం తర్వాత కూడికలకు ఎంతో పనికివస్తుంది, మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి.