అండర్-18 అమ్మాయిల ఐస్ హాకీ: కింది డివిజన్ల లెక్క ఏమిటి, బెంగళూరులో ఉండి ఏం సిద్ధం చేసుకోవచ్చు?

వర్తూరు_నాన్న:

అందరికీ నమస్కారం. మా అమ్మాయి పుట్టింది 2010 జులైలో. ఇన్‌లైన్ హాకీలో (చక్రాల స్కేట్లతో నేల మీద ఆడేది) ఫార్వర్డ్. ఐస్ మీద ఇంకా అడుగు పెట్టలేదు, డిసెంబరులో లేహ్ తీసుకెళ్దామనుకుంటున్నాం. మూడు సందేహాలు.

ఒకటి, అండర్-18 మహిళల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో కింది డివిజన్లు ఎలా నడుస్తాయి? పాయింట్లు సమానమైతే ఎవరు పైన? రెండు, ఆమెతో ఆడే ఇంకో అమ్మాయి కెనడాలో పుట్టింది, ఓసీఐ కార్డు ఉంది. ఇండియాకు ఆడొచ్చా? మూడు, ఇక్కడ పూర్తి సైజు రింకు లేదు కాబట్టి డిసెంబరు లోపు ఏం చేయిస్తే నిజంగా పనికొస్తుంది? స్కేట్లు ఇప్పుడే కొనాలా?

నీలిగీత:

మొదటి రెండిటికి నేను చెప్తానండీ.

ఈ పోటీ 2008లో కాల్గరీలో ఎనిమిది జట్లతో మొదలైంది. మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లోని షాంబెరీలో డివిజన్ 1 పెట్టారు. ఇప్పుడు అన్నిటికన్నా పైన టాప్ డివిజన్ ఎనిమిది జట్లు. దాని కింద డివిజన్ 1 గ్రూప్ ఎ, తర్వాత గ్రూప్ బి, ఆ కింద డివిజన్ 2 మొదలుకొని మిగతావి. కొత్త దేశాలు చేరేకొద్దీ అడుగున గ్రూపులు మారుతుంటాయి. చాలామంది పొరబడేది ఇక్కడే: గ్రూప్ ఎ, గ్రూప్ బి అంటే క్రికెట్ టోర్నీల్లోలా పక్కపక్కన నడిచే గ్రూపులు కావు. బి అంటే ఎ కన్నా ఒక మెట్టు కింద. బిలో గెలిచిన జట్టు వచ్చే ఏడాది ఎకి వెళ్తుంది, ఎలో ఆఖరున ఉన్నది బికి దిగుతుంది. 2023లో జపాన్ టాప్ డివిజన్ నుంచి దిగిపోయింది, ఆ చోటికి జర్మనీ వచ్చింది. 2024లో జర్మనీ దిగింది, 2025కి జపాన్ మళ్లీ పైకొచ్చింది. టాప్‌లో ఎనిమిదో చోటు, డివిజన్ 1 ఎలో మొదటి చోటు, ఈ రెండిటి మధ్య దూరం అంత తక్కువ.

ఆరు జట్ల గ్రూపైతే ప్రతి జట్టూ మిగతా ఐదుతో ఒక్కోసారి ఆడుతుంది. మొత్తం 15 మ్యాచ్‌లు, సాధారణంగా ఏడు రోజుల్లో, మధ్యలో రెండు రోజులు విరామం. సెమీస్, ఫైనల్ ఉండవు. పట్టికలో పైనున్నదే విజేత. అందుకే మొదటి రోజు మ్యాచ్‌కీ ఆఖరి రోజు మ్యాచ్‌కీ విలువ ఒక్కటే.

60 నిమిషాల్లో గెలిస్తే 3 పాయింట్లు. సమమైతే ఇద్దరికీ తలో 1, ఆపైన ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో గెలిచినవాళ్లకు ఇంకో 1. రెండు జట్లు పాయింట్లలో సమానమైతే, వాళ్లిద్దరూ ఆడిన మ్యాచ్‌లో గెలిచినవాళ్లు పైన. మూడు జట్లు సమానమైతే ఆ ముగ్గురి మధ్య మ్యాచ్‌లతోనే ఒక చిన్న పట్టిక కడతారు: ముందు అందులో పాయింట్లు, తర్వాత గోల్స్ తేడా, తర్వాత కొట్టిన గోల్స్.

లెక్కగా చూడండి. అ, ఆ, ఇ అనే మూడు జట్లు మిగతా ముగ్గురినీ ఓడించాయి. తమలో తాము: అ 4–1తో ఆని, ఆ 3–1తో ఇని, ఇ 2–1తో అని గెలిచాయి. అందరికీ 12 పాయింట్లే. చిన్న పట్టికలో అకి +2, ఆకి –1, ఇకి –1. కనుక అ విజేత. ఇ జట్టు అడుగున ఉన్న టీమును 14–0తో కొట్టి ఉన్నా సరే, ఆ పద్నాలుగు ఇక్కడ లెక్కలోకే రావు.

ఓసీఐ సంగతి: అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య (ఐఐహెచ్‌ఎఫ్) పోటీల్లో ఆడాలంటే ఆ దేశ పౌరసత్వం ఉండాలి. ఓసీఐ పౌరసత్వం కాదు. పైగా భారత జట్లలో భారత పౌరులే ఆడాలని కేంద్ర క్రీడల శాఖ విధానం 2008 నుంచి ఉంది. ఆ అమ్మాయికి భారత పాస్‌పోర్టు లేకపోతే కుదరదు. బెంగళూరుకు తిరిగొచ్చిన కుటుంబాల్లో ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. పిల్ల అంత కష్టపడ్డాక సెలెక్షన్ ఫారం దగ్గర తెలియడం అన్యాయం, ఆ తల్లిదండ్రులకు ఈ వారమే చెప్పండి.

వయసుకు చూసేది పుట్టిన సంవత్సరం. 2024 పోటీకి 2006 లేక ఆ తర్వాత పుట్టినవాళ్లు, 2025కి 2007. అలా లెక్కేస్తే మీ అమ్మాయికి ఆఖరి అవకాశం 2028. స్లొవేకియా అమ్మాయి నెలా లోపుషనోవా 2023లో టోర్నీ ఉత్తమ క్రీడాకారిణి అయినప్పుడు ఆమెకు ఇంకా 14 ఏళ్లే. ఆ నెలాఖరులోపు పదిహేను నిండుతున్నాయి.

ఒక ముఖ్యమైన మాట. జట్టును పంపేది జాతీయ సంఘమే, అంటే ఐస్ హాకీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా. ఏ క్లబ్బూ, ఏ అకాడమీ నేరుగా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు పేరు ఇవ్వలేదు. అలా చెప్పి ఫీజు అడిగితే కట్టొద్దు.

పదును:

స్కేట్ల గురించి రాస్తాను. ఇన్‌లైన్ నుంచి వచ్చే పిల్లలు మొదటి వారంలో పడేది ఎక్కువగా వీటి వల్లే.

ఇన్‌లైన్‌లో నాలుగు చక్రాలు నేలను పట్టుకుని ఉంటాయి. ఐస్ బ్లేడు ముందుకీ వెనక్కీ కొంచెం వంపు తిరిగి ఉంటుంది, ఒకసారికి మధ్యలో కాస్త ముక్కే మంచును తాకుతుంది. బరువు మడమ మీద వేసి నిలబడే అలవాటుంటే వెనక్కి పడతారు. మోకాళ్లు ఇంకాస్త వంచాలి, బరువు పాదం మధ్యలో ఉండాలి.

కొనడం: పెరిగే వయసు కదా అని ఒక సైజు పెద్దది తీసుకోకండి. హాకీ స్కేటు మామూలు బూటు కన్నా ఒకటి, ఒకటిన్నర సైజు చిన్నదే వస్తుంది. నిటారుగా నిలబడితే వేళ్లు ముందుకు సున్నితంగా తగలాలి, మోకాలు వంచితే వెనక్కి జరగాలి. లేసులు కట్టకుండా పాదాన్ని పూర్తిగా ముందుకు జరిపినప్పుడు మడమ వెనక ఒక వేలు దూరితే సరి, రెండు దూరితే పెద్దది. మడమ లోపల లేస్తుంటే ఎడ్జ్ (బ్లేడు అంచు) మీద పట్టు ఎప్పటికీ రాదు. వేడి చేసి పాదానికి అమర్చే రకమైతే ఆ పని దుకాణం ఓవెన్లోనే జరగాలి, దాదాపు 80 డిగ్రీల దగ్గర. తొడుక్కుని పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి, లేచి నడవకూడదు. కన్నాలు మెత్తబడి ఉంటాయి కాబట్టి లేసులు జాగ్రత్తగా లాగాలి, లేకపోతే ఊడి వస్తాయి. ఆ తర్వాత 24 గంటలు వాడకూడదు.

పదును పట్టడం: బ్లేడు అడుగున నిలువునా ఒక సన్నటి గాడి ఉంటుంది, దాని రెండు అంచులే రెండు ఎడ్జ్‌లు. ఆ గాడి వ్యాసార్థం మామూలుగా అర అంగుళం. 50 కిలోల లోపు పిల్లలకు, పైగా లేహ్ లాంటి చోట చలికి గట్టిపడిన సహజ మంచు మీద, 3/8 అంగుళం అడగండి. వ్యాసార్థం తగ్గితే గాడి లోతవుతుంది, లోతైన గాడి గట్టి మంచును బాగా కరుచుకుంటుంది. అదే బ్లేడు ఇండోర్ రింకులో మెత్తని మంచు మీదకు తెస్తే ఎక్కువగా దిగబడుతుంది, ఆగేటప్పుడు తన్నుకుపోతుంది. అక్కడ అర అంగుళమే మేలు.

కత్తులకు సాన పట్టేవాళ్ల దగ్గరకు మాత్రం తీసుకెళ్లకండి. వాళ్ల రాయి చదునుగా అరగదీస్తుంది, గాడి పోతుంది. వేడికి ఉక్కు పదును నిలిచే గుణమూ పోతుంది. పదును పట్టించుకున్నాక మీరే పరీక్షించుకోండి: స్కేటు తిరగేసి బ్లేడు మీద అడ్డంగా ఒక నాణెం పెట్టండి. నాణెం బ్లేడుకు సరిగ్గా అడ్డంగా నిలిచిందా, ఒక పక్కకు వాలిందా అని కంటి ఎత్తులో చూడండి. వాలితే ఒక ఎడ్జ్ ఎత్తు, ఒకటి పల్లం. అలాంటి బ్లేడుతో ఒక వైపే తిరగగలుగుతుంది, పిల్లేమో తప్పు తనదే అనుకుంటుంది. తర్వాత గోరు వెనక భాగాన్ని ఎడ్జ్ మీద అడ్డంగా గీకండి, సన్నగా తెల్లటి పొడి రావాలి.

చెన్నై నుంచి చదివేవాళ్లకు: సముద్రపు గాలికి బ్లేడు ఒక్క రాత్రిలో తుప్పు మచ్చలు పడుతుంది. ప్లాస్టిక్ తొడుగు నడవడానికే, దాచడానికి కాదు, లోపల తడి నిలుస్తుంది. తుడిచి, బట్ట తొడుగు వేసి పెట్టండి.

స్టిక్: ఫ్లెక్స్ సంఖ్య (స్టిక్ ఎంత బిగువో చెప్పే అంకె) పౌండ్లలో బరువుకు సగం దగ్గర ఉండాలి. 50 కిలోలంటే 110 పౌండ్లు, కాబట్టి 55. పెద్దవాళ్ల 85 ఫ్లెక్స్ స్టిక్ కోసి ఇస్తే అది ఇంకా బిగుసుకుంటుంది, షాట్ లేవదు. ముఖానికి పూర్తి జాలీ లేక పూర్తి షీల్డు, మెడకు కోత తగలకుండా కాపాడే గార్డు, రెండూ తప్పనిసరి. వీటిలో బేరం వద్దు.

వర్తూరు_నాన్న:

చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. ఓసీఐ విషయం వాళ్లకు ఈ రోజే చెప్తాను. నీలిగీత గారూ, ఒక చిన్న సందేహం. మీ ఉదాహరణలో అ జట్టు 2–1తో వెనకబడి ఉంది కదా, అలాంటప్పుడు ఆఖర్లో గోలీని తీసేయడం మంచిదేనా?

నీలిగీత:

మంచి ప్రశ్న. అది ఆఖరి రోజు మ్యాచ్ అనుకుందాం. గోలీని తీసి ఆరో ప్లేయర్‌ను దింపి సమం చేస్తే అకి కనీసం 1 పాయింటు, ఓవర్‌టైమ్‌లో ఓడినా 13. అప్పుడు ఇకి 11, ఆకి 12. ఏ లెక్కా లేకుండా అదే మొదటిది. కానీ ఖాళీ గోల్‌లోకి ఒకటి పడి 3–1 అయితే అకి +1, ఇకి 0, ఇంకా అదే పైన. రెండు పడి 4–1 అయితే అకి 0, ఇకి +1. విజేత మారిపోయింది! 2–1తో ఓడినా మొదటి చోటు ఖాయమని తెలిసినప్పుడు గోలీని తీయకూడదు. గోల్స్ తేడా కాగితం బెంచి మీద ఉంచుకోని కోచ్ ఇలాంటి చోటే టోర్నీ పోగొట్టుకుంటాడు.

గోలీ_అమ్మ:

మూడో ప్రశ్నకు నా జవాబు ఇది. కింది డివిజన్లలో మ్యాచ్ తేల్చేవి రెండే: గోలీ, మూడో పీరియడ్‌కు మిగిలిన కాళ్లు. బెంగళూరులో కూర్చుని రెండో దాన్ని బాగా తయారు చేయొచ్చు.

పై స్థాయిలో 20 మంది స్కేటర్లు, ఇద్దరు గోలీలు దిగుతారు. చిన్న దేశాలకు అంతమంది దొరకరు, పన్నెండు పదమూడు మందితో ఐదు మ్యాచ్‌లు లాగాల్సి వస్తుంది. షిఫ్ట్ (ఒకసారి మంచు మీదకు దిగి మళ్లీ బెంచికి వచ్చేదాకా ఆడే సమయం) 40–45 సెకన్లు దాటకూడదు. తక్కువమంది ఉన్నారని షిఫ్ట్‌లు పొడిగిస్తారు, అక్కడే చెడుతుంది. ఒక్కసారి 90 సెకన్లు ఉండిపోతే తర్వాతి రెండు షిఫ్ట్‌ల వరకు కాళ్లు తేరుకోవు.

దీనికి స్లైడ్ బోర్డు చేయించండి. 8 అడుగులకు 4 అడుగుల 18 మి.మీ. ప్లైవుడ్ షీటును నిలువునా రెండుగా కోయిస్తే రెండు బోర్డులొస్తాయి. ఒక్కోదాని మీద గ్లాస్ ఫినిష్ లామినేట్ అంటించాలి, మ్యాట్ వద్దు. రెండు చివర్లా రెండంగుళాల ఎత్తు చెక్క దిమ్మెలు అడుగు నుంచి స్క్రూలతో బిగించి, లోపలి ముఖానికి పాత సైకిల్ ట్యూబు అంటించండి. దిమ్మెల మధ్య దూరం మొదట 5 అడుగులు, రెండు నెలలకు 6. ఫర్నిచర్ పాలిష్ పలుచగా తుడిస్తే చాలు. కొబ్బరినూనె రాస్తే దుమ్ము పట్టి మూడో రోజుకే జిగురవుతుంది. బూట్ల మీద మందపాటి సాక్సులు తొడగాలి.

మొదట 20 సెకన్లు జారడం, 40 సెకన్లు విశ్రాంతి, అలా ఆరుసార్లు, వారానికి మూడు రోజులు. తర్వాత 40 సెకన్లు, 80 సెకన్ల విశ్రాంతికి పెంచండి, అచ్చం షిఫ్ట్ లాగే. ఎదురుగా నిలబడి రెండు విషయాలు గమనించండి: తోసిన ప్రతిసారీ తల పైకి లేస్తోందా, కాలు ఆనినప్పుడు మోకాలు లోపలికి వాలుతోందా. మోకాలు వాలుతుంటే సమయం పెంచొద్దు, దూరం తగ్గించండి.

పక్ (ఆటలో కొట్టే గుండ్రటి బిళ్ల) కూడా మార్చాలి. ఇన్‌లైన్ పక్ తేలిక, ఐస్ పక్ 156 నుంచి 170 గ్రాములు. అదే లామినేట్ మీద అసలు పక్‌తో రోజూ ఓ పావుగంట చేతులు ఆడిస్తే మణికట్టుకు ఆ బరువు అలవాటవుతుంది.

ఆటలో రెండు కొత్తవి నేర్పాలి. ఇన్‌లైన్‌లో నలుగురు స్కేటర్లు, ఐస్‌లో ఐదుగురు, దానికితోడు రింకు మీది బ్లూ లైన్ దగ్గర ఆఫ్‌సైడ్ (పక్ కన్నా ముందే ఆ గీత దాటి దాడికి వెళ్లడం), ఐసింగ్ (మన సగంలోంచి కొట్టిన పక్ ఎవరికీ తగలకుండా అవతలి గోల్ గీత దాటడం). ఐసింగ్ చేసిన జట్టు ప్లేయర్లను మార్చుకోకూడదు. అలసిన ఐదుగురు అలాగే ఫేసాఫ్‌కు (రెఫరీ పక్ వేసి ఆట తిరిగి మొదలుపెట్టడం) నిలబడాలి, గోల్ అక్కడ పడుతుంది. శరీరంతో తగలడం గురించి కూడా: పక్ కోసం ప్రయత్నిస్తూ తగిలితే సరే, మనిషిని పడగొట్టడానికే వెళ్తే పెనాల్టీ. పదమూడు మంది ఉన్న జట్టుకు రెండు నిమిషాల పెనాల్టీ అంటే మిగిలినవాళ్ల కాళ్లలోంచి తీసుకున్న అప్పు.

లేహ్ వెళ్లేటప్పుడు మొదటి రెండు రోజులు ఐస్ ముట్టనివ్వకండి. మన ఊరు 900 మీటర్లు, అది దాదాపు 3,500. మూడో రోజు నుంచి కూడా షిఫ్ట్ 25 సెకన్లకు మించొద్దు. సహజ మంచు అక్కడ ఫిబ్రవరి దాకానే నిలుస్తుంది. మిగతా నెలల్లో డెహ్రాడూన్ హిమాద్రి రింకు ఉంది, 60కి 30 మీటర్లు, పూర్తి సైజు. అక్కడ సెషన్ దొరికే తేదీలు ముందు ఖాయం చేసుకుని, ఆ తర్వాతే టికెట్లు కొనండి.

ఇంకొకటి. రెండో పీరియడ్‌లో జట్లు వైపులు మారతాయి కానీ బెంచీలు మారవు, కాబట్టి మన గోల్ దగ్గర్నుంచి బెంచి దూరమవుతుంది. పక్ మన జోన్‌లో ఉండగా డిఫెన్స్ ప్లేయర్ మార్పుకు బయల్దేరితే వెనక ఖాళీ. మీ ఇన్‌లైన్ కోర్టులోనే బెంచిని ఆ దూరపు చివరకు జరిపి, పక్ రెడ్ లైన్ (మధ్య గీత) దాటి ప్రత్యర్థి వైపు లోపలికి వెళ్లాకే మార్పు అనే నియమంతో ఇప్పట్నుంచే ఆడించండి. దీనికి ఐస్ అక్కర్లేదు.