క్లోన్‌మక్‌నోయిస్ సమాధి పలకలు: గదిలో ఉండాలా, ఆరుబయట ఉండాలా?

రాతిగీత: మొన్న ఐర్లండ్‌లో షానన్ నది ఒడ్డున ఉన్న క్లోన్‌మక్‌నోయిస్ చూసొచ్చాం. సెయింట్ కీరన్ 6వ శతాబ్దంలో పెట్టిన మఠం, ఇప్పుడు చాలావరకు కప్పుల్లేని చర్చిలే. సిలువ, పేరు చెక్కిన పాత సమాధి పలకలు, ముక్కలతో కలిపి 700కి పైగా ఇక్కడ దొరికాయి. మంచివి ఏరి విజిటర్ సెంటర్‌లో లైట్ల కింద పెట్టారు. టూహల్ అనే చేతిపనివాడి పలక ఉంది, ‘టూహల్ కోసం ప్రార్థన’ అని పాత ఐరిష్‌లో రాసి. దారిన పోయేవాళ్లని అడుక్కుంటున్న రాయి అది. దాన్ని సమాధుల మధ్య నుంచి తీసేయడం తప్పు కాదా?

ఇసుకరాయి: తప్పేం కాదు. ఇసుకరాయిలోకి వాన ఇంకుతుంది, చలికి గడ్డకట్టి ఉబ్బుతుంది, పై పొర రేకుల్లా ఊడిపోతుంది. ఆ గీతల లోతెంతో దగ్గర్నుంచి చూశారా? పొర ఊడితే పేరు పోయినట్టే. అక్కడి పెద్ద సిలువ, క్రాస్ ఆఫ్ ద స్క్రిప్చర్స్‌ని కూడా 1990ల మొదట్లో లోపలికి తెచ్చి బయట నకలు పెట్టారు.

సత్తిబాబు: పిల్లలకి టికెట్ ఉంటుందా అండీ?

రాతిగీత: సిలువ వేరండీ, అది ఊరందరిదీ. పలక ఒక్క మనిషి మీద పరిచింది.

ఇసుకరాయి: ఏ మనిషి మీద? వందల ఏళ్లుగా ఆ నేలనే మళ్లీ మళ్లీ తవ్వి పూడ్చిపెట్టారు, పాత రాళ్లు ఎక్కడివక్కడ లేవు. విజిటర్ సెంటర్ కట్టకముందే చాలావాటిని గోడలో సిమెంటు పెట్టి అతికించారు. 19వ శతాబ్దంలో జార్జ్ పెట్రీ అనే చిత్రకారుడు బొమ్మలు గీసుకున్న పలకల్లో కొన్ని ఇప్పుడు లేనేలేవు. బయట వదిలేస్తే జరిగేది అదే.

లంకవాసి: ఐర్లండ్‌లోనే లఫ్ డెర్గ్ సరస్సులో ఇనిష్ కెల్ట్రా దీవి చూడండి. అక్కడ పలకలు సమాధుల తోటలోనే ఉన్నాయి. పదిమంది సమాధి అని చెక్కిన రాయి కూడా ఉంది.

ఇసుకరాయి: నాచు పట్టాక చదవగలిగేది ఎంత?

రాతిగీత: మీకు చదవడం తప్ప ఇంకేం పట్టదా? మా ఊళ్లో చర్చి సమాధుల తోట గోడ జరిపినప్పుడు మా తాతయ్య రాయి పీకి పక్కన ఆనించారు. రాయికి ఏం కాలేదు, పేరు శుభ్రంగా కనిపిస్తుంది. ఆయన ఎక్కడున్నారో మాత్రం మా నాన్నకి తెలీదు. సమాధుల పండుగ నాడు కొవ్వొత్తి గోడ దగ్గర వెలిగించి వస్తాం. రాయి భద్రంగా ఉంటే చాలు అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇసుకరాయి: మీ తాతగారి విషయంలో జరిగింది అన్యాయమే. కానీ ఆయనకి మీరున్నారు. టూహల్‌కి ఎవరున్నారు? ఆ పేరొక్కటే. మా ఊరి గుడి ముందు శాసనం స్తంభం ఉంది. చిన్నప్పుడు అక్షరాల్లో వేలు పెట్టి దిద్దేవాణ్ని. ఏటా పండక్కి సున్నం కొట్టీ కొట్టీ అక్షరాలు పూడుకుపోయాయి. అంగుళం కూడా కదల్లేదు అది, దానం చేసినవాడి పేరు మాత్రం పోయింది. అడిగితే నన్ను తిట్టి పంపారు. చోటు చోటు అంటే నాకూ మండుతుంది.

లంకవాసి: ఇద్దరూ కాస్త ఆగండి.

రాతిగీత: ఆగేదేం లేదు, ఇప్పుడే అసలు సంగతి బయటికొచ్చింది. ఆయనకి పేరు నిలవాలి. పలక చేయించినవాళ్లు మాత్రం అడిగింది ప్రార్థన. గదిలో నిలబడి ఫొటో తీసుకునేవాళ్లలో ఎంతమంది ప్రార్థిస్తారు?

ఇసుకరాయి: పేరు తెలియకుండా ఎవరి కోసం ప్రార్థిస్తారు మరి? సిలువకి చేసినట్టే చేద్దాం: అసలు పలక లోపల, నకలు సమాధుల మధ్య. ఒప్పుకుంటారా?

రాతిగీత: నకలు ముందు మోకరించడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ ఎక్కడ పరుస్తారు? ఏ మనిషి మీదో తెలియదని మీరే అన్నారు.

ఇసుకరాయి: ఆ ఆవరణలో ఎక్కడైనా సరే.

రాతిగీత: ఎక్కడైనా సరే అనేదగ్గరే నాకు కుదరదండీ.