ఈ వారపు సమస్య: ‘పేరు పెట్టి పిలిచి ప్రియునిఁ జంపె’

నిర్వాహకుడు:
ఈసారి సమస్యకు తోడుగా ఒక చిత్రాన్ని ఇస్తున్నాను. ఐర్లండు చిత్రకారుడు ఫ్రెడరిక్ విలియం బర్టన్ 1864లో చిత్రించిన ‘హెల్లెలిల్, హిల్డెబ్రాండ్: బురుజు మెట్ల మీద కలయిక’ ఇప్పుడు డబ్లిన్‌లోని జాతీయ చిత్రశాలలో ఉన్నది. కథ డెన్మార్కు జానపద గాథలోనిది. రాజకుమారి హెల్లెలిల్ తన అంగరక్షకుడైన హిల్డెబ్రాండును వలచింది. అది గిట్టని తండ్రి అతనిని చంపి రమ్మని తన ఏడుగురు కొడుకులను పంపాడు. పోరు నడుమ తన పేరెత్తవద్దని హిల్డెబ్రాండు ఆమెకు ముందే చెప్పి, తండ్రినీ ఆరుగురు సోదరులనూ నేలకూల్చాడు. కడగొట్టువాడినైనా కాపాడుకోవాలని ఆమె పేరు పెట్టి పిలిచి ఆపింది. ఆ పిలుపుతోనే అతడు గాయాలతో కూలిపోయాడు.

అయితే బర్టన్ ఆ పోరును చిత్రించలేదు. అంతకు ముందు, ఇరుకైన మెట్ల మీద వారిద్దరూ ఒకరినొకరు దాటిపోయే ఒక్క క్షణాన్ని ఎంచుకున్నాడు. ఆటవెలదిలో నాలుగవ పాదంగా సమస్యను పూరించండి. యతి ‘పే–ప్రి’లకు చెల్లుతున్నది.

వనమాలి:
అన్న లార్గు రచట హతులైరి, కడవాని
ప్రాణ మైన నిలుపఁ బలుకఁ దలఁచి
వలదు నిలువు మనుచు వరునితో హెల్లెలిల్
పేరు పెట్టి పిలిచి ప్రియునిఁ జంపె.

నిర్వాహకుడు:
వనమాలి గారూ, కథ మొత్తాన్నీ నాలుగు పాదాలలో ఇమిడ్చారు, ధార బాగున్నది. కానీ మూడవ పాదంలో ‘వరుఁడు’, నాలుగవ పాదంలో ‘ప్రియుఁడు’ అంటే, కథ తెలియని పాఠకుడు ఇద్దరు మనుషులనుకొనే ప్రమాదమున్నది. పైగా వారికి పెళ్ళి కాలేదు. ‘వరునితో’కు బదులు ‘వగతోడ’ అంటే యతి చెడదు, ఆమె గొంతు కూడా వినిపిస్తుంది.

మందార:
చిత్రం పక్కన పెట్టి మన ఇంటి గడప దగ్గరకు వచ్చినందుకు మన్నించాలి.
గడప కడ్డు నిలిచి కవ్వింప నెల్లరు
సిగ్గు మొగ్గ యయిన చిన్న వధువు
చిలిపి నవ్వు తోడఁ జెవిలోన మెల్లగా
పేరు పెట్టి పిలిచి ప్రియునిఁ జంపె.

నిర్వాహకుడు:
అమ్మా, మన్నింపు దేనికి? మగని పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని ‘మా ఆయన’, ‘పిల్లల నాన్న’ అంటూ తప్పుకొన్న అమ్మమ్మలు మనందరి ఇళ్ళలోనూ ఉన్నారు. ఆ డెన్మార్కు గాథలోని భయమూ అలాంటిదే. కొత్తకోడలితో పేరు చెప్పించే వేడుకను ఎదురుగా పెట్టి ‘చంపె’ అన్న మాటకు వలపు అర్థం తెచ్చారు. ఒక్కటే చిక్కు: ‘మెల్లగా’ అసలు రూపం ‘మెల్లగాన్’, అంటే నకారంతో ముగిసే ద్రుతాంతం కాబట్టి తరువాతి ‘పే’ ‘బే’గా మారి ‘బేరు’ అని రావాలి, అప్పుడు ఇచ్చిన సమస్యే మారిపోతుంది. ‘చెవిలోన నొకసారి’ అనండి.

కొత్తవాఁడు:
ఇది నా తొలి ప్రయత్నం. రెండు పాదాలే కుదిరాయి. ఈ తైలవర్ణ చిత్రం చాలా బాగున్నది.
నీలి వస్త్ర మందు నిలిచిన చిత్రమ్ము
చూచి మురిసి నేను కదలకుంటి...

నిర్వాహకుడు:
నాయనా, గణాలు సరిపోయాయి, సంతోషం. రెండవ పాదంలో యతి తప్పింది. ‘సోలి యుంటి’ అంటే ‘చూ–సో’లకు చెల్లుతుంది. అన్వయం మాత్రం చూసుకోవాలి. నీలి వస్త్రం కట్టినది అమ్మాయి, మీ పద్యంలో చిత్రమే కట్టుకున్నది! ఇది తైలవర్ణం కాదు, కాగితం మీద నీటిరంగులతో వేసినది. వెలుతురుకు రంగు వెలిసిపోతుందని చిత్రశాల వారు దీనిని వారంలో కొన్ని గంటలు మాత్రమే తెరచి చూపుతారు. ఎత్తు 95.5, వెడల్పు 60.8 సెంటీమీటర్లే అయినా, అంత చిన్న కాగితం మీద ఇనుప కవచపు గొలుసులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టవచ్చునా అనిపిస్తుంది.

గౌతమి:
రెండు విషయాలు. ‘పిలిచి’లోని ‘చి’ తరువాత ‘ప్రి’ ఉన్నది కదా, అది గురువు కాదా? రెండవది వృత్తిరీత్యా నాకు తోచినది: ఈ గాథను 1855లో ఇంగ్లీషులోకి తెచ్చిన విట్లీ స్టోక్స్, బర్టన్ మిత్రుడు, 1862లో మద్రాసుకు వచ్చిన న్యాయవాది. తరువాత వైస్రాయి మండలిలో న్యాయ సభ్యుడై మన శాసనాలు రచించినవాడూ ఆయనే. ఆయన సోదరి మార్గరెట్ స్టోక్స్ మరణశాసనం ద్వారానే ఈ చిత్రం 1900లో చిత్రశాలకు చేరింది.

నిర్వాహకుడు:
‘పిలిచి’ తెలుగు పదం, ‘ప్రియుని’ వేరే పదం, సమాసం కాదు కాబట్టి ‘చి’ లఘువుగానే నిలుస్తుంది. రెండవ విషయం నాకు కొత్త.

గౌతమి:
అయితే నా పూరణ:
మెట్లమీఁద నాఁడు మెదపక పెదవియు
మోము తిప్పికొనిన ముగ్ధ నేఁడు
కత్తులాడు వేళఁ గాతర హృదయయై
పేరు పెట్టి పిలిచి ప్రియునిఁ జంపె.

నిర్వాహకుడు:
నేను ఎదురుచూసిన పూరణ ఇది. అతడు ఆమె చేతిని గుండెకు హత్తుకొని ముఖం దాచుకున్నాడు. ఆమె ఇటు చూడదు, పలకదు. ఇద్దరి చూపులూ కలవని ప్రేమచిత్రం ఇంకొకటి నాకు గుర్తుకు రావడం లేదు. పలకవలసిన చోట మౌనం, పలకకూడని చోట పిలుపు అన్న ఎదురుబొదురును ‘నాఁడు–నేఁడు’ అన్న రెండు చిన్న మాటలు మోశాయి.

వనమాలి:
ఒక సందేహం. మన కళ్ళ ముందున్న చిత్రంలో మెట్లే ‘నేఁడు’ కదా; జరగబోయే పోరు ‘నేఁడు’ ఎలా అవుతుంది? ‘ముగ్ధ పిదప’ అంటే గణభంగం లేకుండా కాలం సరిపోతుంది.

గౌతమి:
గాథలో ఈ కథ చెప్పేది హెల్లెలిలే, అంతా ముగిశాక, కుట్టుపని ముందు కూర్చొని. ఆమెకు మెట్లు ఎప్పటికీ నాఁడే, ఆ పిలుపు ఎప్పటికీ నేఁడే. ‘పిదప’ను ఒప్పుకోలేను, వనమాలి గారూ, ‘నేఁడు’నే ఉంచుతున్నాను.